పూత చూసి తోట కొన్నట్టు

2021 ఆగస్టులో ముంబై కంపెనీ నజారా టెక్నాలజీస్ షేర్ మార్కెట్‌కు ఒక కబురు చెప్పింది. హైదరాబాద్‌లో ఓపెన్‌ప్లే టెక్నాలజీస్ అనే చిన్న కంపెనీని 186 కోట్ల రూపాయల పైచిలుకు పెట్టి కొంటున్నామని దాని సారాంశం. నజారా అప్పటికి షేర్ మార్కెట్‌లోకి వచ్చి ఐదు నెలలే. ఫోనులో క్రికెట్ ఆడే కుర్రాళ్లకు ‘వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్’ గురించి చెప్పనక్కర్లేదు. చెన్నైలోని నెక్స్ట్‌వేవ్ ఆ ఆటను తయారు చేస్తే, నెక్స్ట్‌వేవ్‌లో పెద్ద వాటాను నజారా అంతకు కొన్నేళ్ల ముందే కొనేసింది. అలా ఒక్కో స్టూడియోనూ కలుపుకుంటూ పెరగడమే దాని దారి. ఓపెన్‌ప్లే ఆట పేరు ‘క్లాసిక్ రమ్మీ’. వ్యాపార పేజీలో ఒక మూల నాలుగు వాక్యాల వార్తగా వచ్చి పోయిన ఈ కొనుగోలులో ఒక వింత ఉంది. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ ఆడటాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. అంటే ఆ ఆటను నడిపింది హైదరాబాద్ నుంచి, కానీ హైదరాబాద్‌లో అది తెరుచుకునేది కాదు.

జహీరాబాద్ దాటి 65వ నంబరు జాతీయ రహదారి మీద పడమరకు పోతే చిరాగ్‌పల్లి దగ్గర తెలంగాణ అయిపోయి కర్ణాటక మొదలవుతుంది. బోర్డుల మీద లిపి మారడం, అంతే తేడా. చేలు అవే, చెరకు అదే. హుమ్నాబాద్ బస్సులో కూర్చున్నవాడి చేతిలో ఫోనుకు మాత్రం ఆ గీత బాగా తెలిసేది. డబ్బు రమ్మీ యాప్ తెరవగానే ముందు లొకేషన్ అడిగేది. ఇవతల ఉంటే ‘మీ రాష్ట్రంలో ఈ ఆట అందుబాటులో లేదు’ అన్న మాట ఒకటి చూపించి ఊరుకునేది. గీత దాటి అవతలి టవర్ అందుకున్నాక అదే యాప్, అదే ఖాతా, పదమూడు ముక్కలు పరిచేది. కర్ణాటక కూడా 2021 అక్టోబరులో నిషేధం తెచ్చింది గానీ 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ఆ కొద్ది నెలలు తప్పిస్తే జహీరాబాద్‌కు ముప్పై కిలోమీటర్ల దూరంలోని బీదర్‌లో ఆ ఆట చట్టబద్ధమైన వినోదంగా, జహీరాబాద్‌లో నేరంగా ఉండేది. ఇలా గీతకు అటు ఒక విలువ, ఇటు సున్నా విలువ ఉన్న సరుకును 186 కోట్లకు కొన్నారంటే, కొన్న సరుకు ఏమిటో నిదానంగా చూడాల్సిందే.

ఆటను కొన్నారనడం కుదరదు. రమ్మీకి యజమాని లేడు. మన దగ్గర పత్తాలన్నా పేకముక్కలన్నా అవే, రెండు కట్టలూ ఒక చాపా ఉంటే పండగ పూట ఏ ఇంటి వరండాలోనైనా ఆ ఆట సాగుతుంది. దానికి కంప్యూటర్ రూపం ఇవ్వడం కూడా బ్రహ్మవిద్య కాదు. పనితెలిసిన ఇంజనీర్లు కొందరు కూర్చుంటే కొద్ది నెలల్లో అలాంటి యాప్ ఇంకొకటి రాసేయగలరు. రాశారు కూడా, అందుకే అన్ని రమ్మీ యాప్‌లు వచ్చాయి. మరి నజారా ఆ ఇంజనీర్లనే కూలికి పెట్టుకుని తన రమ్మీ తాను రాయించుకోక, ఇంకొకరి కంపెనీని ఎందుకు కొన్నట్టు? ఎందుకంటే రోజూ రాత్రి తొమ్మిదింటికి యాప్ తెరిచే మనుషులను ఏ ఇంజనీరూ రాయలేడు. ఓపెన్‌ప్లే దగ్గర ఉన్నది అదే. అమ్ముడైంది ఒక అలవాటు. ఆటల కంపెనీల కొనుగోళ్లలో ధర పలికేది ఎప్పుడూ అలవాటుకేననీ, అలవాటును రిజిస్టర్ ఆఫీసులో రాయించుకోవడం కుదరదు కాబట్టే ఇన్ని కొనుగోళ్లు చేదెక్కుతున్నాయనీ నా వాదన.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు తమ భాషలో చెప్పేదీ ఇదే. ఒక స్టూడియోను కొనడానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఎన్ని డౌన్‌లోడ్లు అని కాదు. ఈ రోజు ఆట దింపుకున్నవాళ్లలో రేపు ఎంతమంది మళ్లీ తెరుస్తారు, వారం తర్వాత ఎంతమంది, నెల తర్వాత ఎంతమంది అని అడుగుతారు. దీన్నే రిటెన్షన్ అంటారు. ఒక కొత్త ఆటగాణ్ని ప్రకటనలతో లాక్కురావడానికి ఎంత ఖర్చు, వాడు పోయేలోపు వాడి మీద వచ్చేది ఎంత అన్నది రెండో లెక్క. ఈ రెండూ బాగుంటే బొమ్మలు నాసిగా ఉన్నా కొంటారు. అలవాటు పడేలా ఆటను ఎలా మలుస్తారో చూడాలంటే ‘క్యాండీ క్రష్’ను చూస్తే చాలు. ఐదు లైఫులు ఇస్తారు. లెవెల్ ఓడిన ప్రతిసారీ ఒకటి పోతుంది. పోయిన లైఫు మళ్లీ రావాలంటే అరగంట పడుతుంది. ఐదూ అయిపోతే ఆటే మనల్ని బయటికి పంపేస్తుంది. అరగంటాగి రమ్మంటుంది, లేదా కాస్త డబ్బు కట్టమంటుంది. ఇంకా తినాలనిపించే వేళకు విస్తరి లాగేసినట్టన్నమాట. ఆడేవాళ్లలో చాలామంది పైసా కట్టరు. అరగంట తర్వాత బుద్ధిగా వచ్చి ఫోను తెరుస్తారు. ఆ బుద్ధిగా తెరవడమే సరుకు. ఆ ఆట తీసిన కింగ్ అనే కంపెనీని 2016లో యాక్టివిజన్ బ్లిజార్డ్ కొన్నప్పుడు పలికిన ధర 590 కోట్ల డాలర్లు.

అయితే ఒక ఆటతో పేరు తెచ్చుకున్న కంపెనీ ఇంకో చిన్న స్టూడియో వెంట పడటంలో ధీమా కంటే భయం పాలు ఎక్కువ. సినిమా హిట్టయితే నిర్మాత ఆ డబ్బుతో తర్వాతి సినిమా మొదలుపెడతాడు, పాత సినిమా రోజూ ఆడాలని కోరుకోడు. ఫోను ఆట అలా కాదు, అది రోజూ ఆడాలి. ఆడేవాళ్లు రోజుకు కొందరు చొప్పున జారిపోతూనే ఉంటారు. వాళ్ల స్థానంలో కొత్తవాళ్లు రాకపోతే హిట్టు ఇసుక గడియారంలా ఖాళీ అవుతుంది. ‘యాంగ్రీ బర్డ్స్’ పిట్టలు 2009 చివర్లో ఎగిరితే ప్రపంచం మొత్తం వాటి వెంట పరుగెత్తింది. దాన్ని తీసిన ఫిన్లాండ్ కంపెనీ రోవియో అంతటి హిట్టు ఇంకొకటి ఇవ్వలేకపోయింది. చివరికి 2023లో 70.6 కోట్ల యూరోలకు జపాన్ కంపెనీ సెగా చేతికి వెళ్లింది. రెండో హిట్టు తమ ఇంట్లో పుట్టదేమోనన్న అనుమానం వచ్చిన రోజు నుంచి యజమానులు పొరుగింటి ఉయ్యాల వైపు చూడటం మొదలుపెడతారు.

ఈ వరసలో జింగా కథ పాఠం లాంటిది. ఫేస్‌బుక్‌లో ‘ఫార్మ్‌విల్’ పొలాలతో కోట్ల మందిని కట్టిపడేసిన అమెరికా కంపెనీ అది. జనం కంప్యూటర్ వదిలి ఫోనుకు మారుతుంటే జింగా చేతిలో ఫోను ఆటలు కొన్నే ఉన్నాయి. 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని ఓఎమ్‌జీపాప్ అనే చిన్న స్టూడియో ‘డ్రా సమ్‌థింగ్’ అనే ఆట విడుదల చేసింది. ఒకరు తెర మీద బొమ్మ గీస్తారు, రెండోవాళ్లు అదేమిటో చెప్పాలి. అంతే ఆట. వారాల్లో కోట్ల మంది దింపుకున్నారు. మార్చి తిరక్కుండానే జింగా దాదాపు 18 కోట్ల డాలర్లు పోసి ఆ స్టూడియోను కొనేసింది. కొన్న నెలలోనే రోజూ ఆడేవాళ్ల సంఖ్య పడటం మొదలైంది. బొమ్మలు గీసి గీసి జనానికి విసుగొచ్చింది, ఇంకేం లేదు. ఆ ఏడాది ముగిసేలోగానే కొన్న విలువలో పెద్ద భాగాన్ని నష్టంగా ఖాతాల్లో రాసుకోవాల్సి వచ్చింది. 2013 ఏప్రిల్‌లో ఓఎమ్‌జీపాప్ అధిపతి డాన్ పోర్టర్ వెళ్లిపోయాడు. జూన్‌లో జింగా 520 మందిని తీసేసినప్పుడు ఆ న్యూయార్క్ ఆఫీసూ మూతపడింది. మొదటి నుంచి చివరి వరకు పదిహేను నెలలు. ఈ కథలో మోసం లేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. లెక్కలన్నీ కొన్న రోజున నిజాలే. జనం మనసు మారడానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేకపోయింది.

ఇదే పని ఇనుముతో చేసే వ్యాపారంలో ఎలా ఉంటుందో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారు చేస్తున్న మహీంద్రా 2007లో పంజాబ్ ట్రాక్టర్స్ అనే కంపెనీని కొంది. ‘స్వరాజ్’ ట్రాక్టర్ వాళ్లదే. కొన్న మర్నాడు కర్మాగారం అక్కడే ఉంది, అచ్చులు అక్కడే ఉన్నాయి, డీలర్లు ఉన్నారు, విడిభాగాల గోదాములు ఉన్నాయి. స్వరాజ్ పేరును కూడా మహీంద్రా చెరపలేదు. ఇప్పటికీ ఆ రెండు పేర్లూ మార్కెట్‌లో పక్కపక్కన అమ్ముడవుతున్నాయి. ట్రాక్టర్ కొన్న రైతు నెల తిరిగేసరికి విసుగొచ్చి వేరే ట్రాక్టర్ దింపుకోడు, దాని మీద అప్పు ఉంటుంది, చేను ఉంటుంది. యజమాని మారితే కొండగుర్తులు పోవు. ఆట స్టూడియోలో మాత్రం యజమాని మారిన సాయంత్రం తలుపు తాళం వేసి చూస్తే మిగిలేవి కుర్చీలు, కొన్ని లాప్‌టాప్‌లు. ఆట పుట్టించిన బుర్రలు లిఫ్టు దిగి ఇంటికి వెళ్లిపోతాయి, అవి రేపు మళ్లీ లిఫ్టు ఎక్కుతాయన్న నమ్మకానికే అంత డబ్బు.

కొనేవాళ్లకు ఇది తెలియక కాదు. అందుకే మొత్తం ధర ఒకేసారి ఇవ్వరు. మామిడి తోటను గుత్తకు తీసుకునేవాడు మాఘంలో పూత చూసి కొంత బయానా ఇచ్చి, మిగతాది కాపు నిలిచాక అంటాడు కదా, ఇక్కడా అదే పద్ధతి. ఎర్న్‌అవుట్ అని దానికి పేరు. జింగా 2018లో ఇస్తాంబుల్‌లోని గ్రామ్ గేమ్స్‌ను 25 కోట్ల డాలర్లకు కొంటూ, తర్వాతి మూడేళ్ల లాభాలను బట్టి మరికొంత ఇస్తామంది. ఓపెన్‌ప్లేకు నజారా చెల్లింపు కూడా విడతల వారీదే, కొంత నగదు, కొంత షేర్లు. చూడటానికి ఇద్దరికీ న్యాయంగానే ఉంటుంది. తిరకాసు ఏమిటంటే మూడేళ్ల లాభం మీద తన మిగతా డబ్బు ఆధారపడిన స్థాపకుడు ఆ మూడేళ్లూ కొత్త ఆట మీద చెయ్యి వేయడు, ఉన్న ఆటనే పిండుతాడు. కొత్త హిట్టు పుట్టిస్తాడని కొన్నవాణ్ని కొత్తది పుట్టించకుండా కట్టేసే ఒప్పందమన్నమాట. గడువు తీరిన మర్నాడు అతను వెళ్లిపోతే తప్పు పట్టేదీ లేదు. తోట గుత్తకు తీసుకున్నవాడికి ఈగ, పురుగు, ఈదురుగాలి అన్నీ బెడదలే గానీ, చెట్లు నడిచి వెళ్లిపోతాయన్న భయం లేదు.

దీనికి గట్టి జవాబు ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. అది కూడా ఇస్తాంబుల్ నుంచే వస్తుంది. అక్కడి పీక్ అనే కంపెనీ మొదట్లో ముక్కలాటలతో ఎదిగింది. 2017 నవంబరులో తన ముక్కలాటల విభాగాన్ని జింగాకు 10 కోట్ల డాలర్లకు అమ్మేసింది. అందులో ‘జిన్ రమ్మీ ప్లస్’ కూడా ఉంది. అవును, మన రమ్మీకి చుట్టమే. ఆ డబ్బుతో, ఆ తీరికతో పీక్ అప్పటికే మొదలుపెట్టిన గళ్లు పేల్చే పజిల్ ఆటల మీదే పడింది. మూడేళ్లు గడవకుండా, 2020లో, దాదాపు వంద మంది పనిచేసే ఆ కంపెనీని మొత్తంగా 180 కోట్ల డాలర్లకు మళ్లీ జింగాయే కొంది. పీక్‌లో చేతులు కాల్చుకుని నేర్చుకున్న కొందరు 2019లో బయటికి వచ్చి డ్రీమ్ గేమ్స్ పెట్టారు. వాళ్ల ‘రాయల్ మ్యాచ్’ ప్రపంచంలో అత్యధికంగా సంపాదించే ఫోను ఆటల జాబితాకెక్కింది. ఒక ఊరి స్టూడియో అమ్ముడుపోతే ఆ డబ్బూ ఆ మనుషులూ ఆ ఊళ్లోనే ఇంకో నాలుగు స్టూడియోలై మొలుస్తాయనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కొనుగోళ్లన్నీ చేదే అని నేనంటే ఇస్తాంబుల్ నా నోరు మూయిస్తుంది.

కానీ ఇస్తాంబుల్ రమ్మీకీ హైదరాబాద్ రమ్మీకీ ఉన్న తేడా ఒక్కసారి చూడండి. పీక్ రమ్మీలో డబ్బు పెట్టి చిప్పులు కొనుక్కోవచ్చు, కానీ గెలిచిన చిప్పులను మళ్లీ డబ్బుగా మార్చుకోలేరు. గెలిచినవాడికి దక్కేది మీసం మెలేసే సంతోషమే. హైదరాబాద్ రమ్మీలో గెలిస్తే ఖాతాలో రూపాయలు పడేవి. మొదటిదాన్ని చాలా దేశాల్లో తెరవొచ్చు, రెండోది చిరాగ్‌పల్లి దాటితేనే తెరుచుకునేది. మొదటిదానిలో ఆటగాణ్ని రప్పించడానికి ఆటను రోజురోజుకూ కొత్తగా, అందంగా చేయక తప్పదు, ఆ సాధనలోనే పజిల్ ఆటల పనితనం అబ్బింది. రెండోదానిలో ఆటగాణ్ని రప్పించింది నిన్న పోగొట్టుకున్న డబ్బు. అక్కడ ఆటను మెరుగుపరచాల్సిన అవసరం అంతగా ఉండేది కాదు. హైదరాబాద్‌కు ఇంజనీర్ల కొరతా లేదు, బొమ్మలు గీసేవాళ్ల కొరతా లేదు. 2006లో మొదలైన రమ్మీ సైట్ ‘ఏస్2త్రీ’ దగ్గర్నుంచి పెట్టుబడి ముక్కల బల్ల చుట్టూ తిరగడం వల్ల ఆ పనితనంలో పెద్ద భాగం బల్ల కింద లెక్కలకే ఖర్చయిందని నా అనుమానం. క్రికెట్ వ్యూహాల ఆటతో పేరు తెచ్చుకున్న ‘హిట్‌వికెట్’ లాంటివి కూడా హైదరాబాద్‌లోనే పుట్టాయి నిజమే, కానీ అవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

ఈ డబ్బు రమ్మీకి చట్టం అండ దొరికింది కూడా మన నేల మీదే. 1963లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కె. సత్యనారాయణల మధ్య వ్యాజ్యంగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో ఏ ముక్క పడిందో గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం కాదు, ప్రధానంగా నేర్పు ఆట అని 1967 నవంబరులో కోర్టు చెప్పింది. దశాబ్దాల తర్వాత వేల కోట్ల పరిశ్రమ నిలబడింది ఆ ఒక్క మాట మీద. అయితే అదే తీర్పులో ఇంకో మాట ఉంది, పరిశ్రమ దాన్ని అంత గట్టిగా వల్లించదు. పందెం ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరం నిలుస్తుందన్నది దాని అర్థం. యాప్ నడిపే కంపెనీ ప్రతి టేబుల్ మీదా తన వాటా తీసుకునే బతికేది కదా. సగం వాక్యాన్ని పునాదిగా వేసుకుని మిగతా సగాన్ని గోడ వెనక దాచిన ఇల్లు అది.

పన్ను లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. ఇద్దరు చెరో వంద పెట్టి ఆడారనుకుందాం. బల్ల మీద రెండు వందలు. కంపెనీ వాటా పది శాతం అనుకుంటే ఇరవై రూపాయలు. ఆ ఇరవై మీద 18 శాతం జీఎస్టీ అంటే మూడు రూపాయల అరవై పైసలు, కంపెనీలు అన్నాళ్లూ కట్టింది ఈ లెక్కనే. కాదు, బల్ల మీద పెట్టిన మొత్తం మీద 28 శాతం కట్టాలని ప్రభుత్వం అంది, అంటే యాభై ఆరు రూపాయలు. ఇరవై సంపాదించినవాడు యాభై ఆరు కట్టాలి. 2023 అక్టోబరు నుంచి ఆటగాళ్లు జమ చేసే మొత్తం మీద 28 శాతం అని ప్రభుత్వం ఖాయం చేసింది. అంతకు ముందు ఏళ్లకు కూడా మొత్తం మీదే పన్ను రావాలంటూ కంపెనీలకు నోటీసులు పంపింది. ఓపెన్‌ప్లేకు 2024లో అందిన నోటీసులో అడిగింది 845 కోట్ల పైచిలుకు. కంపెనీని కొన్న ధర 186 కోట్లు అన్నది గుర్తుండే ఉంటుంది. ఇలాంటి నోటీసులు చెల్లవని కంపెనీలు వాదించాయి, 2025 జనవరిలో సుప్రీంకోర్టు వాటి మీద తదుపరి చర్యలను నిలిపింది. కట్టాలా వద్దా అన్నది తేలేలోపే, కొన్న వస్తువు ధరకు నాలుగున్నర రెట్ల బాకీ కాగితం దాని మెడలో వేలాడింది.

ఇక్కడ ఒక పెద్దమనిషి అడ్డు తగలొచ్చు. చట్టం మారడం, పన్ను మారడం పిడుగు పడటం లాంటివి, వాటికీ స్టూడియోలు కొనే పద్ధతికీ ఏం సంబంధం, ట్రాక్టర్ల మీద పన్ను పెంచితే ట్రాక్టర్ కంపెనీ కూడా నష్టపోతుంది కదా అని. పైకి సబబుగానే ఉంది. కానీ పిడుగుకు ముందస్తు నోటీసు ఉండదు. ఇక్కడ కొనుగోలుకు నాలుగేళ్ల ముందే తెలంగాణ, ఏడాది ముందే ఆంధ్ర తలుపు మూశాయి. తమిళనాడు కూడా 2021 మొదట్లో మూసే ప్రయత్నం చేసి ఆగస్టులో హైకోర్టులో ఓడింది. కాబట్టి మబ్బు అందరికీ కనిపిస్తూనే ఉంది. దానికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. తలుపులు మూసింది ఎందుకు? జీతం వచ్చిన రాత్రే పోగొట్టుకోవడం, అప్పు యాప్‌లు, ఇళ్లలో గొడవలు, ప్రాణాలు తీసుకోవడాలు. అంటే మనిషి మానలేకపోవడాన్ని చూసి చట్టం వచ్చింది. మనిషి మానలేకపోవడాన్ని చూసే కొనేవాడు ధర కట్టాడు. కొన్న సరుకు, నిషేధించిన సరుకు ఒక్కటే. అలవాటు ఎంత గట్టిదైతే దాని ధర అంత పెరుగుతుంది, సర్కారు కన్ను కూడా దాని మీద అంత త్వరగా పడుతుంది. ట్రాక్టర్‌కు ఈ శాపం లేదు. రైతు ట్రాక్టర్‌ను ఎంత ఇష్టపడినా ఏ శాసనసభా కలవరపడదు.

2025లో ఈ సంగతి ఏడు నెలల వ్యవధిలో తేలిపోయింది. ఏస్2త్రీని పెంచి తర్వాత దాన్ని ‘ఏ23’గా మార్చిన హైదరాబాద్ కంపెనీ హెడ్ డిజిటల్ వర్క్స్, గోవా కాసినోల డెల్టా కార్ప్ చేతిలో ఉన్న ‘అడ్డా52’ పోకర్ కంపెనీలో 51 శాతం వాటాను దాదాపు 491 కోట్లకు తీసుకుంటున్నట్టు జనవరిలో ఒప్పందం ప్రకటించింది. హిట్టు ఆట ఉన్న మన ఊరి కంపెనీ ఇంకో ఆట కంపెనీని కొనడమంటే తెలుగు నేల మీద ఇదొక పెద్ద ఉదాహరణ. అంతకు కొద్ది నెలల ముందు నజారా కూడా ‘పోకర్‌బాజీ’ని నడిపే మూన్‌షైన్‌లో 830 కోట్ల పైచిలుకు పెట్టి వాటా కొంది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం అయింది. నేర్పా అదృష్టమా అన్న మీమాంస లేకుండా డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆ చట్టం నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాళ్లకు శిక్ష లేదు. రోజుల్లోనే పెద్ద యాప్‌లన్నీ డబ్బు బల్లలు ఎత్తేశాయి. నజారా షేరు దబ్బున పడింది.

ఇంత చెప్పాక స్టూడియోలు అమ్ముకోవడమే తప్పన్నట్టు వినబడితే అది నా ఉద్దేశం కాదు. బెంగళూరులో 1997లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ రెండు చేతులు మారి 2019లో 79 లక్షల డాలర్లకు రాక్‌స్టార్ గేమ్స్‌లో కలిసింది. ప్రపంచంలో అతి పెద్ద ఆటలకు బొమ్మలు గీసే పని అక్కడి పిల్లలకు దక్కింది. అక్కడ కొన్నది పనితనాన్ని, అలవాటును కాదు. పనితనాన్ని కొన్నవాడు దాన్ని పోషించుకోక తప్పదు. అసలు అమ్మకుండానే సంపాదించే దారి కూడా మన కళ్ల ముందే ఉంది. హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ యానిమేషన్ పుట్టించిన ఛోటా భీమ్ 2008లో టీవీకెక్కాడు. అతని బొమ్మతో ఫోను ఆటలు తీసింది ఇదే నజారా. భీమ్‌ను కొనలేదు, వాడుకోవడానికి అనుమతి తీసుకుంది. లడ్డూ తిని కండలు పెంచే ఆ కుర్రాడు ఏ ఆటలో కనిపించినా పేరు మాత్రం హైదరాబాద్ వాళ్లదే. సంగారెడ్డి, జహీరాబాద్‌ల నుంచి గేమ్ డిజైన్ అంటూ హైదరాబాద్ బస్సెక్కే కుర్రాడికి జీతం ఇచ్చే స్టూడియో దేన్ని తయారు చేస్తోంది, ఒక బొమ్మనా, ఒక నైపుణ్యాన్నా, లేక రాత్రి తొమ్మిదింటికి తెరుచుకునే ఒక యాప్‌నా అన్నది చేరేముందే చూసుకోదగ్గ విషయం. మూడోదానికి జీతం ఎక్కువే ఇచ్చేవాళ్లు, ఆ మాటా ఒప్పుకోవాలి.

ఏ23ను నడిపే హెడ్ డిజిటల్ వర్క్స్ ఆగస్టు తిరక్కుండానే కొత్త చట్టాన్ని సవాలు చేస్తూ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసునూ, అలాంటి మిగతావాటినీ తన దగ్గరికి రప్పించుకుంది. సికింద్రాబాద్ క్లబ్బులో పట్టుబడిన పదమూడు ముక్కలను ఒకప్పుడు పరిశీలించిన కోర్టు ముందుకే మళ్లీ ఇంకో హైదరాబాద్ రమ్మీ వచ్చింది. చిరాగ్‌పల్లి దగ్గర మాత్రం ఫోనుకు ఇక గీతతో పని లేదు. హుమ్నాబాద్ బస్సు ఇవతల ఉన్నా అవతల ఉన్నా డబ్బు బల్ల తెరుచుకోదు.